రౌనో చెయ్యని కిటికీలు

లెహ్తోవారా ఊళ్ళో శ్రమదానానికి పిలిస్తే రానన్న మనిషి లేడు. వాన పడుతున్నా, దోమలు పీక్కుతింటున్నా, సొంత ఇంటి కట్టెలు తడిసిపోతున్నా సరే, వస్తాడు. వచ్చి పెద్దగా మాట్లాడకుండా పని చేస్తాడు, బఠాణీ సూపు తాగుతాడు, కాఫీ వద్దు వద్దంటూనే రెండు కప్పులు పుచ్చుకుని ఇంటికి పోతాడు. అదే మనిషిని పట్టుకుని, ఎన్ని గంటలు చేశావో ఇక్కడ రాసి సంతకం పెట్టమంటే మాత్రం ముఖం మాడ్చుకుంటాడు. శ్రమదానానికి లెక్క రాయడమంటే వాళ్ళ దృష్టిలో పెళ్ళి భోజనం పెట్టి బిల్లు చేతికివ్వడం లాంటిది.

ఈ సంగతి అనెల్మాకి తెలియక కాదు. ఆమె పుట్టిందీ పెరిగిందీ ఆ ఊళ్ళోనే. పోస్టాఫీసు మూసేసేదాకా అందులో కూర్చుని ఊరందరి ఉత్తరాలూ పింఛన్లూ చూసింది. కాగితాలంటే భయపడని మనిషి అనెల్మా ఒక్కతే అని తేల్చి, ఊరి సంఘం కార్యదర్శి పదవిని ఆమె మెడకు చుట్టారు. ఆ పాపానికి రెండు వేసవులుగా గంటల పట్టిక చంకలో పెట్టుకుని గుమ్మం గుమ్మం తిరుగుతోంది.

“నాకెందుకే పిల్లా కాగితాలు?” అంది హిల్కా ముసలమ్మ, నడక బండి మీద వాలి. “మీ అమ్మ పోయినప్పుడు మీ బంగాళదుంపలన్నీ తవ్వింది నేనే. అప్పుడు గంటలు రాసుకున్నానా?”

“నీకోసం కాదు హిల్కా. యూరప్ వాళ్ళకి చూపించాలి.”

“వాళ్ళొచ్చి నా బంగాళదుంపలు తవ్వుతారా?”

విల్హో దగ్గర ఇంకో రకం. “గంట పని చేశా, గంట కబుర్లు చెప్పా. ఏది రాయమంటావ్ చెప్పు. కబుర్లైతే బాగా చెప్పా,” అని నవ్వి తలుపేసుకున్నాడు.

ఊరి బడి మూతపడి చాలాకాలమైంది. పిల్లలు లేని ఊరికి బడెందుకన్నారు మునిసిపాలిటీ వాళ్ళు. ఆ దుంగల భవనం కుళ్ళిపోతూ ఉంటే చూడలేక ఊరి సంఘం అడిగి తీసుకుంది. అందులో వడ్రంగి పని నేర్పే కార్ఖానా పెట్టాలని, ఏళ్ళ తరబడి పని లేక ఇళ్ళల్లో ముడుచుకుపోయిన వాళ్ళని అక్కడికి రప్పించాలని, వేసవి విడిదిళ్ళ వాళ్ళకి కిటికీలూ తలుపులూ చేసి అమ్మాలని ఆలోచన. ఆలోచన మంచిదే. యూరప్ ప్రాంతీయాభివృద్ధి నిధి వాళ్ళు కూడా మంచిదే అన్నారు. స్థానిక ఉపాధి, సామాజిక చేరిక అనే పద్దు కింద డబ్బిస్తామన్నారు. సమాజంలోంచి బయటికి పోయినవాణ్ణి మళ్ళీ లోపలికి చేర్చుకోవడమట. పోయినవాడు నిన్నటిదాకా పక్కింట్లోనే ఉన్నాడు కదా అని అడిగితే దానికి పద్దు లేదు.

అయితే ఆ నిధికి రెండు మెలికలున్నాయి. ఖర్చు ముందు మనం పెట్టుకోవాలి, లెక్కలన్నీ సరిపోయాక వాళ్ళిస్తారు. అందుకని బ్యాంకులో అప్పు తెచ్చారు. దానికి అనెల్మా ఇల్లూ, హిల్కా ఇల్లూ, విల్హో ఇల్లూ, మరో రెండిళ్ళూ పూచీ పెట్టారు. రెండోది, ఊరు కూడా తన వాటా వేసుకోవాలి. ఊరి దగ్గర డబ్బెక్కడిది? చేతులున్నాయి. శ్రమదానం గంటల్ని వాటాగా ఒప్పుకుంటామన్నారు నిధివాళ్ళు, ఎవరు ఏ పని ఎన్ని గంటలు చేశారో పేరుతో సహా రాసిస్తే.

ఇక్కడే అసలు చిక్కు. ఆ భవనంలో సగానికి పైగా పని చేసింది ఒకే ఒక్క మనిషి. అనెల్మా తమ్ముడు రౌనో.

కోత మిల్లు మూసేశాక రౌనో కొన్నేళ్ళు మనిషి కాకుండా పోయాడు. మిల్లులో అతను చేసింది దుంగలెత్తే పని. చెయ్యి తిరిగిన వడ్రంగం మాత్రం మేనమామ దగ్గర నేర్చుకున్నాడు, దానికి పట్టా ఏమీ లేదు. పని పోయాక గడ్డం పెరిగింది, పరదాలు దించేశాడు. ఆదివారం అక్క ఇంటికి తిండికి వచ్చి, తిని, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. వాడి ఇంటి పొగగొట్టంలోంచి పొగ వస్తోందా లేదా అని పొద్దున్నే కిటికీలోంచి చూసుకోవడం అనెల్మాకి అలవాటైపోయింది. పొగ వస్తే వాడు బతికే ఉన్నాడని అర్థం. ఆ భయం ఆమె ఎవరితోనూ అనలేదు.

బడి పని మొదలైన రోజున ఎవరూ పిలవకుండానే వచ్చాడు. కింది వరస దుంగలు కుళ్ళిపోతే గోడను జాకీల మీద లేపి కొత్తవి తొడిగాడు. ఆ పొడుగాటి కిటికీలు ఒక్కొక్కటీ విప్పి, చట్రం చిత్రిక పట్టి, అద్దం బిగించి, లప్పం పెట్టాడు. చలికాలం చట్రాలు ఇంటికి మోసుకుపోయి షెడ్డులో చేశాడు. మిగతావాళ్ళు శనివారాలు వచ్చి రంగులు వేశారు, సూపు తాగారు. రెండో వేసవికి రౌనో గడ్డం తీశాడు. ఒకరోజు అనెల్మా బడి వెనక నుంచి వస్తుంటే లోపల వాడు ఈల వేస్తూ వినిపించాడు. ఆమె అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చేసింది.

కార్ఖానా తెరిచాక ఒక మేస్త్రీ ఉద్యోగం ఉంటుంది. జీతంతో, నిజం ఉద్యోగం. అది రౌనోదే అని ఊరందరికీ తెలుసు. ఎవరూ నోటితో అనలేదు, అనాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు.

లెక్కలు పంపాల్సిన వసంతంలో అనెల్మా ఎందుకైనా మంచిదని ఉపాధి కార్యాలయానికి ఫోన్ చేసింది. పేరు చెప్పకుండా అడిగింది. నిరుద్యోగ భృతి తీసుకునే మనిషి ఊరి శ్రమదానంలో పాల్గొంటే ఏమైనా అభ్యంతరమా అని.

“అబ్బే, అప్పుడప్పుడూ సాయం చేస్తే ఏమీ లేదండీ,” అందా అమ్మాయి.

“అప్పుడప్పుడూ కాక కొంచెం ఎక్కువగా చేస్తే?”

“ఎంత ఎక్కువ?”

“పొద్దున్నుంచి సాయంత్రం దాకా. రెండు వేసవులు.”

“అది ఉద్యోగం కదండీ. రోజంతా పని చేసేవాడు పని వెతుక్కుంటున్నాడని ఎలా అంటాం? తీసుకున్న భృతి మొత్తం వెనక్కి కట్టాలి. ఇంతకీ ఎవరండీ ఆయన?”

అనెల్మా ఫోన్ పెట్టేసింది. రౌనో పేరు రాస్తే భృతి వెనక్కి కట్టడానికి వాడి ఇల్లు పోతుంది. రాయకపోతే ఊరి వాటా సగం కూడా తేలదు, నిధి డబ్బు రాదు, బ్యాంకు ఐదిళ్ళ మీద పడుతుంది. అటు నుయ్యి ఇటు గొయ్యి. మంచి పని చేయబోయి ఇలాంటి చోట ఇరుక్కున్నందుకు ఆమెకి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు.

బడి వంటగదిలో సంఘం కూర్చుంది. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. రౌనో గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు.

“నా పేరొద్దు,” అన్నాడు. “ఆ గంటలు ఎవరో ఒకరి పేరున రాసుకోండి. కిటికీలకేం తెలుస్తుంది?”

అప్పుడు, రెండేళ్ళుగా ఒక్క గంటకి సంతకం పెట్టని హిల్కా ముసలమ్మ చెయ్యి చాచింది. “ఇటివ్వు ఆ కలం. కిటికీలు నాకు రాయి.”

“నువ్వు నిచ్చెనెక్కావంటే ఎవరు నమ్ముతారే తల్లీ?” అన్నాడు విల్హో.

“కింద కిటికీలు రాయి మరి. పైవి నువ్వు తీసుకో. నీ మోకాళ్ళు నాకంటే ఏం బాగున్నాయని?”

“అయితే దుంగలు కూడా నాకే పడేయండి. జాకీ ఎలా ఉంటుందో ఒకసారి చూపించండి చాలు.”

నవ్వులు మొదలయ్యాయి. ఒక్కొక్కరూ లేచి, కాస్త దుంగ నాకు, కాస్త నేల నాకు అని పంచుకున్నారు, పండక్కి వేటమాంసం పంచుకున్నట్టు. చేసిన పనికి సంతకం పెట్టడం సిగ్గనుకున్న జనం, చెయ్యని పనికి వరసగా సంతకాలు పెట్టారు. అనెల్మాకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఇంత ప్రేమగా ఇంత పెద్ద అబద్ధం ఆడడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ప్రేమ కనుకనే ఆపడానికి ఆమెకి నోరు రాలేదు.

జూన్లో తనిఖీకి యానికా అనే అధికారి వచ్చింది. చిన్న వయసు, మర్యాద గల పిల్ల. పట్టిక చేతిలో పట్టుకుని భవనమంతా తిరిగింది. ఒక కిటికీ ముందు ఆగి, చట్రం మూలని వేలితో తడిమింది.

“ఎంత బాగా కుదిరిందో! ఇది మీ పనే కదా హిల్కా?”

“నేనా? నేనేం చేశానమ్మా?” అంది హిల్కా ఠక్కున. అన్నాక నాలుక కరుచుకుంది.

యానికా నవ్వి విల్హో వైపు తిరిగింది. “పైవి మీరటగా? ఇక్కడి చలికి తట్టుకునేలా బిగించారు.”

“అబ్బే, నాదేముంది అందులో,” అన్నాడు విల్హో, చెవులదాకా ఎర్రబడి.

“దుంగలు కూడా...”

“దుంగల జోలికి నేను పోనేలేదు.”

ఆ ఊళ్ళో పొగడ్త వింటే కాదనడం ఊపిరి తీసుకోవడమంత అలవాటు. ఎంత జాగ్రత్తగా నేర్పించి పెట్టినా, మెచ్చుకునేసరికి ఒక్కొక్కరి నోట్లోంచి నిజం దానంతటదే ఊడిపడుతోంది. గదిలో ఉన్న ప్రతి మనిషీ తను ఏమీ చెయ్యలేదని ఆ అధికారి ముఖం మీదే చెప్పాడు. ఇక అయిపోయిందనుకుంది అనెల్మా.

యానికా పట్టిక మూసి, మనసారా నవ్వింది. “మా నాన్నా ఇంతే. సొంత చేతుల్తో ఇల్లు కట్టి, ఏదో నిలబడిందిలే అంటాడు. మీ కైనూ ప్రాంతం వాళ్ళని పొగడడం నావల్ల కాదు.” తర్వాత కాఫీ పోస్తున్న రౌనోని చూసింది. “మరి మీరేం చేశారు?”

“కాఫీ పెట్టా,” అన్నాడు రౌనో.

“కాఫీ మాత్రం చాలా బాగుంది,” అంది యానికా.

ఆ ఒక్క పొగడ్తనీ రౌనో కాదనలేదు.

లెక్కలు ఒప్పుకున్నారు. డబ్బొచ్చింది, అప్పు తీరింది. నీలం రంగు మీద పసుపు చుక్కలున్న యూరప్ నిధి వాళ్ళ పలక గుమ్మం పక్కన బిగించారు. ఆ సాయంత్రం విల్హో చేపల సూపు వండాడు, ఊరంతా తిన్నది. రౌనో రెండోసారి వడ్డించుకున్నాడు. వచ్చే నెల నుంచి పొద్దున్నే లేవాలి కాబట్టి కొత్త గడియారం కొనుక్కున్నానని అక్కతో చెప్పాడు. వాడి ఆశని అంత దగ్గర్నుంచి చూసేసరికి అనెల్మాకి భయమేసింది.

భయపడినట్టే అయింది. మేస్త్రీ ఉద్యోగం సంఘం తనకు నచ్చినవాడికి ఇచ్చేది కాదట. నిధి డబ్బుతో ఇచ్చే జీతం కాబట్టి బహిరంగంగా ప్రకటించాలి, పట్నం నుంచి ఒక మనిషి ఎంపికలో కూర్చోవాలి, అభ్యర్థి అక్క కాబట్టి అనెల్మా కూర్చోకూడదు. వడ్రంగి పట్టా గానీ, ఈ మధ్య కాలంలో పాత దుంగల భవనం బాగుచేసిన అనుభవానికి రుజువు గానీ ఉండాలి. రౌనోకి పట్టా లేదు. అనుభవం తల పైనా, కాళ్ళ కిందా, చుట్టూ నాలుగు వైపులా ఉంది. అంతా హిల్కా పేరున, విల్హో పేరున ఉంది.

“రుజువు ప్రకారం చూస్తే ఈ ఉద్యోగానికి అందరికంటే అర్హురాలు నేనేనట,” అంది హిల్కా. ఆ మాట అంటూ ఆమె నవ్వలేదు.

ఉద్యోగం ఇలారి అనే కుర్ర వడ్రంగికి వచ్చింది. పట్టా ఉంది, మంచివాడు, చంటిపిల్లతో ఊళ్ళోకి కాపురం రావడానికి సిద్ధపడ్డాడు. అతని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేని మనిషి.

ఆ శనివారం అక్కాతమ్ముళ్ళు సౌనా గదిలో ఆవిరి స్నానం అయ్యాక మెట్ల మీద కూర్చున్నారు. ఎండ ఇంకా చెరువు మీద ఉంది. రౌనో భుజాల మీంచి ఆవిరి లేస్తోంది.

“యానికాకి ఫోన్ చేసి చెప్పేస్తాను,” అంది అనెల్మా. “చేసింది నువ్వని. తప్పు నాదని. జైల్లో పెడితే పెట్టనీ.”

“నిన్ను జైల్లో పెట్టరక్కా. డబ్బు వెనక్కి అడుగుతారు. హిల్కా ఇల్లు అమ్ముతావా, విల్హోది అమ్ముతావా?”

“మరి నువ్వు?”

“నాకేమైంది?”

“ఒరేయ్, నన్ను కాస్త తిట్టరా. సంతకాలు పెట్టించింది నేనే కదా.”

“పెట్టించుకోమంది నేనే కదా.” అతను సీసాలోని బీరు మెల్లగా తాగాడు. “వాళ్ళంతా నాకోసం అబద్ధమాడారు. ఇప్పుడు వాళ్ళని దొంగల్ని చేసి నేను మేస్త్రీనవ్వాలా? ఎలా తలెత్తుకుని తిరగమంటావ్?”

ఊరందరూ కలిసి వాడి చుట్టూ కట్టిన గోడ ఆ అబద్ధం. ఒక్క దుంగ పీకితే అందరి మీదా కూలుతుంది. వాడు అది ఆమెకంటే ముందే చూసుకున్నాడు.

శరదృతువు వచ్చేసరికి రౌనో ఇంటి పరదాలు మళ్ళీ దిగాయి. అంతలో ఉపాధి కార్యాలయం వాళ్ళు అతన్ని పిలిచారు. ఇన్నేళ్ళుగా ఏ పనీ చెయ్యకుండా ఇంట్లో కూర్చున్న మనిషికి మళ్ళీ పనిలో పడే అలవాటు కావాలన్నారు. మీ ఊళ్ళోనే చక్కటి కార్ఖానా తెరిచారు, అక్కడ శిక్షణకి చేరండి, చేరకపోతే భృతి ఆగుతుందన్నారు. తప్పు వాళ్ళది కాదు. వాళ్ళ దగ్గరున్న కాగితాల ప్రకారం అతను నిజంగానే ఏ పనీ చెయ్యలేదు.

సోమవారం పొద్దున రౌనో గడ్డం గీసుకుని వచ్చాడు. కొత్తగా చేరేవాళ్ళని నమోదు చేసుకోవడం కార్యదర్శి పని కాబట్టి అనెల్మా అక్కడ ఉండక తప్పలేదు. కోటు తగిలించుకోవడానికి మేకు ఎక్కడుందో ఇలారి అతనికి చూపించాడు. కాఫీ ఎప్పుడో, చేతులు ఎక్కడ కడుక్కోవాలో చెప్పాడు. రౌనో అన్నిటికీ సరేనన్నాడు.

ఇలారి బల్ల మీద ఒక పలక బిగించి, చిత్రిక అందించాడు.

“మిల్లులో దుంగలెత్తేవాడివట కదా. ఈ చేతిపని ఎప్పుడైనా చేశావా?” అని అడిగాడు, చాలా దయగా.

రౌనో చిత్రిక అందుకున్నాడు. అబద్ధమాడడం అతనికి చేతకాదు. నిజం చెప్పడానికి వీల్లేదు. చూపు అక్క వైపు తిరిగింది. పాపం బిడియస్తుడు కాబోలనుకుని ఇలారి కూడా ఆమె వైపే తిరిగాడు, తమ్ముడి తరఫున ఆమె చెబుతుందని.

గదిలో వెలుతురు బాగా పడుతోంది. ఒక్క మాట చాలు. అనెల్మా వాడు బిగించిన కిటికీల వైపు చూసింది.

“లేదు,” అంది. “ఎప్పుడూ చెయ్యలేదు.”

“ఫర్వాలేదు, మొదట్నుంచీ నేర్పిస్తా,” అన్నాడు ఇలారి. వెనక నిలబడి రౌనో చేతి మీద తన చెయ్యి వేసి, పట్టు సరిచేశాడు. రౌనో సరిచెయ్యనిచ్చాడు.